పత్తి ముట్టని గొంగళిపురుగు

ఆ పురుగు పేరు నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. పేరు తెలియకుండానే అది ఏం తింటుందో, ఏం తినదో పదిమందిలో నిలబడి చెప్పాను. అందుకు మెమో తీసుకున్నాను, ఊరు మారాను. మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ అదే చెప్తాను. ఇప్పుడు వ్యవసాయ డిప్లొమా చదివే పిల్లలు ఫోను తీసి ఫొటో కొట్టి ఏ పురుగుకైనా పేరు చెప్పేస్తున్నారు. సంతోషం. కానీ పేరు కిందనే మందు పేరు కూడా వచ్చేస్తోందట. అది ఏం తింటోందో చూసే ఓపిక మాత్రం ఎవరికీ లేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. అందుకే ఇది రాస్తున్నాను.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. బడిలో ఆగింది, అంతే. ఇంగ్లీషు నేను పురుగుమందు డబ్బాల మీద నేర్చుకున్నాను. మొదట నేర్చిన ఇంగ్లీషు మాట ‘పాయిజన్’, అంటే విషం. ఆ తర్వాత ‘షేక్ వెల్’, అంటే బాగా కుదపవలెను. గుంటూరులో ఫుట్‌పాత్ మీద అట్టలు ఊడిన పురుగుల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాను. అందులో బొమ్మ చూసి చేలో పురుగుని పట్టేవాణ్ణి, చేలో పురుగుని చూసి పుస్తకంలో మాట పట్టేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు. నేర్పగలిగినవాళ్ళు నా చుట్టూ కుర్చీల్లో చాలామందే ఉండేవాళ్ళు, ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

సమితులు పోయి మండలాలు వచ్చిన కొత్త అది. గుంటూరు వైపు నల్లరేగడి అయిపోయి ప్రకాశం వైపు రాళ్ళ నేల మొదలయ్యే చోట ఒక వ్యవసాయ డిపోలో నేను ఫీల్డ్‌మన్‌ని. పొద్దున చేల మీద తిరగాలి, మధ్యాహ్నం గోడౌనులో మందు బస్తాలు చూసుకోవాలి. తాళం చెవి నా మొలతాడుకే ఉండేది. గోడౌను నిండా బి.హెచ్.సి. అనే పురుగుమందు పొడి. దాని కంపు ఎలా ఉంటుందో ఇప్పటివాళ్ళకి తెలియదు, తెలియకపోవడమే మంచిది. బట్టలు ఉతికినా పోదు, తలంటుకున్నా పోదు. అన్నం కలుపుకుంటే వేళ్ళలోంచి వచ్చేది. మజ్జిగ పోస్తూ మా ఆవిడ ముక్కు పక్కకు తిప్పుకునేది. చివరికి మంచినీళ్ళ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నా నాకు ఆ కంపే తగిలేది.

ఆ రోజుల్లో మా వైపు ఎటు చూసినా పత్తి, పత్తి లేనిచోట మిరప. చేలో ఏది కదిలినా మందు కొట్టేవాళ్ళు. శనగపచ్చ పురుగుకి కొట్టేవాళ్ళు, లద్దె పురుగుకి కొట్టేవాళ్ళు, పక్క చేలో వాడు కొట్టాడని కొట్టేవాళ్ళు. రైతుని తప్పుపట్టడం లేదు. పంట పోతే ఊళ్ళో తలెత్తుకోలేని రోజులు అవి. భయపడ్డవాడికి మందు అమ్మినంత తేలిగ్గా ఇంకోటి అమ్మలేం. ఆ అమ్మే గోడౌను తాళం నా దగ్గరే ఉండేది కాబట్టి నాకు బాగా తెలుసు.

మా డిపోకి ఆ ఏడే కొత్తగా ఒక ఆఫీసరు వచ్చాడు. కుర్రాడు, బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదివినవాడు, రేగడి బురదలో బూట్లు వేసుకుని దిగి ఒక బూటు అక్కడే వదిలేసి వచ్చిన మనిషి. ఆయన చదువు మీద నాకు ఈర్ష్య ఉండేది గానీ ఆయన మీద లేదు. నా అట్టలు ఊడిన పుస్తకం చూసి నవ్వకుండా, తన భూతద్దం నా చేతిలో పెట్టి “ముందు దీంతో చూడండి, తర్వాత పుస్తకం తెరవండి” అన్నాడు. నా ఉద్యోగంలో నాకు దొరికిన గురువు ఎవరంటే నాకంటే బాగా చిన్నవాడైన ఆయనే. మేమిద్దరం రోజూ పోట్లాడుకునేవాళ్ళం, పురుగుల మీద.

దసరా దాటి కొన్నాళ్ళయింది. వానలు వెనకబట్టి ఎండ కాస్తోంది. ఒక పొద్దున పక్క ఊరి పెద్ద రైతు టిఫిన్ క్యారియరు గిన్నె ఒకటి పట్టుకుని డిపోలోకి వచ్చాడు. పత్తీ మిరపా కలిపి ఆ ఊళ్ళో అందరికంటే ఎక్కువ వేసేది ఆయనే. గిన్నె మూత తీసి మా బల్ల మీద బోర్లించాడు. చిన్న చిన్న గొంగళిపురుగులు, బూడిదరంగువి, ఒళ్ళంతా పొడుగాటి వెంట్రుకలు. బల్ల నిండా పరిగెత్తాయి.

“మా ఊరి గుట్ట నిండా ఇవేనయ్యా. రాళ్ళు కనపడ్డం లేదు. గుట్ట దిగితే నా పత్తే. ఏం చేస్తారో చెయ్యండి.”

ఆయన గొంతు పెద్దదే గానీ, ఒక పురుగు బల్ల అంచుకి రాగానే రెండడుగులు వెనక్కి వేశాడు. కొన్నేళ్ళ క్రితం ఎర్ర గొంగళిపురుగు గుంపులు గుంపులుగా వచ్చి ఆయన వేరుశెనగని పుల్లలు మిగిల్చి పోయింది. తొక్కితే కాలి కింద చితికేవట. అది కళ్ళారా చూసినవాడికి వెంట్రుకల పురుగు ఏది కనపడ్డా గుండె ఆగుతుంది. ఆయన భయం అబద్ధం కాదు.

జీపులో గుట్టకి వెళ్ళాం. పెద్ద గుట్టేం కాదు. రాళ్ళు, బలుసు పొదలు, కిందవైపు మేకలవాళ్ళ ఇళ్ళు కొన్ని. నిజంగానే రాళ్ళ నిండా పురుగులు. కానీ పొదల ఆకులకి ఒక్క గాటు లేదు. ఆఫీసరు గారు భూతద్దం తీసి ఒక రాయి ముందు గొంతుకూర్చున్నాడు. రాళ్ళ మీద బూడిదరంగులో, ఆకుపచ్చ ఛాయలో పొలుసులు పొలుసులుగా పాచి అంటుకుని ఉంటుందే, ఆ పాచి మీద గీరినట్టు సన్నటి దారులున్నాయి. పురుగు నడిచిన దారిలోనే రాయి తెల్లగా బయటపడింది.

ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఇద్దరం ఒకేసారి అన్నాం, “పాచి తింటోంది.”

“ఏం తింటోందీ?” అన్నాడు పెద్ద రైతు.

“రాతి మీద పాచి. మీ ఇంట్లో పలావులో రాతిపువ్వు వేస్తారు కదా, అలాంటిదే ఇదీ,” అన్నాను.

“ఏమయ్యా, పురుగు పుట్టి ఆకు తినకుండా రాయి నాకి బతుకుతుందా? ఎవరికి చెప్తావయ్యా? ఇంతకీ దీని పేరేంటి?”

“పేరు తెలియదండీ. ఎర్ర గొంగళి మాత్రం కాదు,” అన్నాడు ఆఫీసరు.

“పేరే తెలియదంటారు, అదేం తినదో తెలుసంటారు! ఆఫీసరు గారండీ, మీరు చిన్నవాళ్ళు, మిమ్మల్నేమీ అనను. గుట్ట మీద పొడి చల్లించండి. పీడ పోద్ది.”

ఆ మాట వినగానే పొదల వెనక నుంచి ఒక ముసలమ్మ లేచి వచ్చింది. మేకలు ఆవిడవే. చేతిలో కొంకి కర్ర.

“పొడి చల్లుతారా? యాడ చల్లుతారయ్యా? ఈ గుట్ట మీదా? అట్టయితే మా దొనలో నీళ్ళు ఎవురు తాగాల, నువ్వు తాగుతావా?”

దొన అంటే గుట్ట నెత్తిన బండలో తనంతట పడిన గుంట. వాన నీళ్ళు రాళ్ళ మీదనుంచి జారి అందులో నిలుస్తాయి. కింద బావులన్నీ ఉప్పు. మేకలవాళ్ళ ఇళ్ళకీ మేకలకీ ఎండాకాలం దాకా ఆ దొన నీళ్ళే దిక్కు. గుట్ట మీద పొడి చల్లితే, ఒక్క వాన పడితే చాలు, అదంతా దొనలోకే పోతుంది. నాకు వెంటనే వేళ్ళ కంపు గుర్తొచ్చింది. అది ఇక ఆ ముసలమ్మ నోట్లో ఉంటుంది.

“నీళ్ళు మేం పంపిస్తాంలే అవ్వా, ట్యాంకరులో,” అన్నాడు పెద్ద రైతు.

“నీ పత్తికి పంపలేక చస్తన్నావు, నాకు పంపుతావా?” అంది ఆవిడ.

సరే, వాదన ఎందుకు, పరీక్ష పెట్టి చూద్దామన్నాడు ఆఫీసరు. మంచి మాట. పెద్ద రైతు పశువుల పాకలో దోమతెర కట్టిన పెట్టె పెట్టాం. అందులో పురుగుల్ని వేసి, ఆయన చేలోంచే పత్తి కొమ్మలూ మిరప కొమ్మలూ విరిచి వేశాం. మూలన ఒక పాచి రాయి కూడా పెట్టాం. తెల్లారి వచ్చి చూద్దాం, ఏది తింటే అదే దాని తిండి అనుకున్నాం. ఇంతకంటే సూటి పరీక్ష ఉంటుందా?

పొద్దున వెళ్ళేసరికి పాక ముందు ఊరు ఊరంతా ఉంది. పెట్టెలో పురుగులన్నీ ముడుచుకుని చచ్చి పడున్నాయి. ఒక్కటి కూడా మిగల్లేదు.

“చూశారా? తిన్నాయి, చచ్చాయి,” అన్నాడు పెద్ద రైతు. ఆయన గొంతులో గెలుపుంది.

ఆఫీసరు ఒక్కొక్క ఆకూ తీసి వెలుతురుకి పట్టుకుని చూశాడు. “ఆకు మీద గాటు లేదండీ.”

“తినకపోతే ఎందుకు చస్తాయి? దిగులుతో చచ్చాయా?”

జనం నవ్వారు. ఆ కబురు మాకంటే ముందు పై ఆఫీసుకి చేరింది. సాయంత్రానికి ఫోను వచ్చింది. పత్తి మీద కొత్త గొంగళిపురుగు పడింది, ఎల్లుండి గుట్ట మీద పొడి చల్లించి రిపోర్టు పంపండి అని. అక్కడ ఫోను చేసినాయన పురుగుని చూడలేదు, గుట్టని చూడలేదు. పురుగు పేరు దగ్గర మాత్రం ఎర్ర గొంగళి అని తనే రాసేసుకున్నాడు. పేరు లేకపోతే వాళ్ళకి పని నడవదు, అందుకని చేతికందిన పేరు తగిలించారు.

మర్నాడు నేనూ ఆఫీసరూ మళ్ళీ గుట్టకి పోయాం. ఎందుకు పోయామంటే చెప్పలేను, చేతులు కట్టుకుని కూర్చోలేక. జీపు వెనక, పెట్టెలోంచి తీసి వేసిన ఆ పత్తి కొమ్మలు ఇంకా అలాగే పడున్నాయి. ముసలమ్మ మేకల్లో ఒకటి జీపు మీదకి ముందుకాళ్ళు పెట్టి మెడ చాపింది. ఆవిడ ఎక్కడినుంచి వచ్చిందో, కొంకి కర్రతో దాని మెడ పట్టి వెనక్కి లాగింది.

“ఒసే దరిద్రపుదానా! అది ముట్టుకుంటే చస్తావే! పోయినేడు నీ అమ్మ ఎట్టా పోయిందే? పత్తి చేలో పడే గదా!”

ఆఫీసరు నోరు తెరిచాడు. నేను నా నెత్తి మీద నేనే కొట్టుకున్నాను. మందు కొట్టని ఆకు ఏదీ ఆ చేలో లేదు. పురుగు ఆకు తినక్కర్లేదు, దాని మీద నడిస్తే చాలు. పెట్టెలో మేం వేసింది ఆకు కాదు, విషం పూసిన కాగితం. పురుగుల శాఖలో పనిచేసే ఇద్దరం, ఊరి నిండా మందు కొట్టించింది మేమే అయ్యుండీ, పత్తి ఆకు అంటే మందు కొట్టిన ఆకేనని మరిచిపోయాం. ఆ రోజుల్లో మా వైపు మాత్రమే జరగగల తప్పు అది. మందు ఎరగని మెట్ట సీమలో ఇలాంటి పరీక్ష పెడితే ఏ ఆకైనా పనికొచ్చేది.

“మందు కొట్టని పత్తి కావాలి,” అన్నాడు ఆఫీసరు.

తిరిగాం. ఆ పూటంతా తిరిగాం. గట్టు మీద ఒంటరిగా మొలిచిన పత్తి మొక్కకి కూడా కొట్టారు. మా డిపో ప్రదర్శన మడికి అందరికంటే ముందు కొట్టింది నేనే. చివరికి జీపు ఆపి తల పట్టుకుని కూర్చుంటే నాకు మా ఆవిడ గుర్తొచ్చింది. కార్తీకమాసానికి వత్తుల పత్తి ఆవిడ ఎక్కడినుంచి తెస్తుంది? శివాలయం పూజారి గారి పెరట్లో నుంచి. అక్కడొక పాత పత్తి చెట్టుంది, గోడకంటే ఎత్తు. దాని దూదితోనే గుళ్ళో వత్తులు, వాళ్ళ ఇంట్లో జంధ్యాలు. ఆ చెట్టుకి మందు కాదుకదా, ఎంగిలి చేత్తో నీళ్ళు కూడా పోయనివ్వరు.

సంగతి చెప్తే ఆఫీసరు నవ్వాడు. “రేపు పొద్దునకల్లా ట్రాక్టరు వస్తుంది గోడౌనుకి.”

“రానివ్వండి,” అన్నాను.

వచ్చింది. ట్రాక్టరు, దాని మీద పొడి కొట్టే మిషన్లతో కూలీలు, ముందు పెద్ద రైతు. పై ఆఫీసు ఆర్డరు కాగితం ఆయన జేబులోనే ఉంది, అదెలా వచ్చిందో అడగలేదు.

“తియ్యవయ్యా తాళం.”

“తియ్యను.”

“ఏంటీ?”

“ముందు నాతో పూజారి గారింటికి రండి. అక్కడ మందు అంటని పత్తి ఉంది. మీ కళ్ళ ముందే పురుగుని దానిమీద వదుల్తాను. సాయంత్రంలోపు ఒక్క ఆకు మీద ఒక్క గాటు పెట్టినా, బస్తాలు నా నెత్తిన పెట్టుకుని నేనే గుట్ట ఎక్కిస్తాను. పెట్టకపోతే ట్రాక్టరు ఖాళీగా పోవాలి.”

“నువ్వెవరివయ్యా చెప్పడానికి? ఆఫీసరు గారండీ, మీ మనిషి ఏం మాట్లాడుతున్నాడో వినండి!”

పెద్ద రైతు చాచిన ఆర్డరు కాగితం అందుకుని, ఆఫీసరు మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. ఆయన ఉద్యోగం పర్మనెంటు కాలేదు అప్పటికి. నెమ్మదిగా అన్నాడు: “తాళం చెవి ఆయన మొలతాడుకి ఉందండీ. ఆయన మొలతాడు నేనెలా విప్పుతాను?”

కూలీలు పకపకా నవ్వారు. పెద్ద రైతు మొహం ఎర్రబడింది గానీ, నవ్విన జనం ముందు మొండికేస్తే పలుచనవుతానని అర్థమైంది. “సాయంత్రం దాకానే. పొద్దుగూకితే తాళం పగలగొడతా,” అన్నాడు.

పూజారి గారింటి దగ్గర ఇంకో యుద్ధం ఉంది. పూజారి గారు గుళ్ళో ఉన్నారు. తలుపు తీసింది ఆయన భార్య. పెద్దావిడ, తడిబట్టతో మడిలో ఉంది. నా చేతిలో పెట్టె చూసింది, వెనక జనాన్ని చూసింది.

“ఏమిట్రా అబ్బాయ్ ఈ సంత?”

“అమ్మగారూ, మీ పత్తి చెట్టు మీద ఈ గొంగళిపురుగుల్ని ఒక్క పూట వదలాలి.”

“నీకు మతి గానీ పోయిందా? పరమేశ్వరుడి వత్తుల చెట్టు అది. దానిమీద బొంత పురుగులు వదులుతావా? రేపు కార్తీక దీపం ఏ పత్తితో పెట్టను, నీ నెత్తిమీద జుట్టుతోనా?”

“ఇవి పత్తి తినవమ్మగారూ.”

“తినవని నువ్వెలా చెప్తావు?”

“చెప్పలేకే కదమ్మా మీ గుమ్మంలో నిలబడ్డాను. తింటే గుట్ట మీద విషం చల్లుతారు. ఆ మేకలవాళ్ళ మంచినీళ్ళు పోతాయి.”

ఆవిడ జనం వెనక్కి తొంగి చూసింది. తర్వాత పక్కకు జరిగింది. “ఒక్క కొమ్మే. దూది కాయని కొమ్మ. చెట్టుని ఎవరూ ముట్టుకోవద్దు. ఆ మేకల ముసలిదీ వచ్చిందా? రమ్మను, దూరంగా కూర్చోమను.” కాస్త ఆగి, “ఎండలో కాదు, పందిరి కింద,” అంది.

చెట్టు కింది కొమ్మకి దోమతెర సంచి తొడిగాం. గుట్ట మీదనుంచి తెచ్చిన పాచి రాయిని కొమ్మకి ఆనించి లోపల పెట్టి, పురుగుల్ని వదిలి మూతి కట్టేశాం. గాలికి ఎక్కడినుంచైనా మందు ఎగిరొస్తుందేమోనని ఆ పూట చుట్టుపక్కల ఎవరూ పంపు ఎత్తకూడదని పెద్ద రైతు చేతే చెప్పించాడు ఆఫీసరు.

కూర్చున్నాం. పురుగులు ఆకుల మీద నడిచాయి, తిరిగాయి, ఆకు అంచుదాకా పోయి వెనక్కి వచ్చాయి. చావలేదు. అదొక ఊరట. ఒక్కొక్కటే దిగి రాయి మీదకి చేరాయి. చేరి, అక్కడ కదలకుండా పడుకున్నాయి. పాచి కూడా తినలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. అలాగే ఉన్నాయి. రాతి మీద పాచి ఎండకి పెళుసెక్కి, అట్ట కాలినట్టు బూడిదగా ముడుచుకుపోయింది.

“ఏమయ్యా,” అన్నాడు పెద్ద రైతు, “నీ పురుగులు ఏకాదశి ఉపవాసం ఉన్నాయా?”

“పూజారి గారింటికొచ్చాయి గదా బాబాయ్, మడి కట్టుకున్నాయి,” అన్నాడు ట్రాక్టరు డ్రైవరు.

“ఆకలి ముదిరితే ఆకే తింటాయి, చూడండి. ఎల్లకాలం రాయి మీద తపస్సు చెయ్యవుగా.”

ముసలమ్మ పందిరి కింద నుంచి నన్నే చూస్తోంది. ఆఫీసరు గోరు కొరుకుతున్నాడు. గుట్ట మీద గీరిన దారులు నా కళ్ళతో చూశాను. అయినా ఇక్కడ తినకపోతే ఎవరు నమ్ముతారు? నేను చూసింది చూశానని నేనే నమ్ముతానా?

అప్పుడు పూజారి గారి భార్య రాగి చెంబుతో వచ్చింది. ఆవిడకి మా పరీక్షతో పని లేదు. ఎక్కడిదో గుట్ట మీద రాయి, మేకలు తిరిగిన చోటిది, ఆవిడ పత్తి చెట్టు మొదట్లో పొద్దుటినుంచి కూర్చుని ఉంది. అది ఆవిడకి పడలేదు. “ఎంగిలో మైలో ఏముందో” అంటూ సంచి మీద నుంచే చెంబెడు నీళ్ళు రాతి మీద గుమ్మరించింది. నేను “అమ్మగారూ!” అని అరిచేలోగా అయిపోయింది.

పిల్లలూ, ఎండిన పాచి మీద నీళ్ళు పడటం మీరెప్పుడైనా చూశారా? చూసి తీరాలి. చచ్చిందనుకున్నది మా కళ్ళ ముందే విప్పుకుంది. బూడిదరంగు పోయి పచ్చదనం తేలింది. ముడుచుకున్న పొలుసులు మెత్తబడి పరుచుకున్నాయి. ఆ తడి తగలగానే పురుగులు తలలెత్తాయి. తలలు దించాయి. గీరడం మొదలుపెట్టాయి.

ఆఫీసరు ఒక్క గెంతులో లేచాడు. “తడి! తడి లేకపోతే దాన్నెలా తింటాయి! మంచుకో వానకో మెత్తబడితేనే తింటాయి! మనం ఎండబెట్టి కూర్చున్నాం!” అని నా భుజం పట్టుకుని ఊపేశాడు. అంత చదివిన ఆయనా, ఇంత తిరిగిన నేనూ, ఇద్దరికీ ఆ ముక్క తట్టలేదు. తట్టించిన ఆవిడకి తట్టించానని కూడా తెలియదు. “సంచి తడిసిందేమిట్రా, ఏమన్నా అయిందా?” అంటోంది.

పెద్ద రైతు లేచి వచ్చాడు. భూతద్దం చేతికిచ్చాను. పంచె ఎగ్గట్టి నేల మీద మోకాళ్ళూని, చాలాసేపు చూశాడు.

“ఒరేయ్,” అన్నాడు ఎవరినీ చూడకుండా, “రాయినే గీరుతోందిరా.”

అంతటితో ఒప్పుకోలేదు, చెప్పాను కదా, పంట పోగొట్టుకున్నవాడు. పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. మధ్యలో రెండోసారి తనే చెంబు అడిగి నీళ్ళు చిలకరించాడు. చివరికి సంచి విప్పించి, కొమ్మకున్న ప్రతి ఆకూ తిప్పి తిప్పి చూశాడు. ఒక్క గాటు లేదు. లేచి తలగుడ్డ దులుపుకున్నాడు.

“దీని పేరేంటో కనుక్కోండయ్యా. పేరు తెలియకపోతే రేపు ఇంకోడు వస్తాడు, చల్లమని,” అన్నాడు. ట్రాక్టరు ఖాళీగా పోయింది.

ఆ మాట ఆఫీసరుకి నాటుకుంది. కొన్ని పురుగుల్ని రాయితో సహా డిపో బల్ల మీద పెట్టుకుని పెంచాడు. రోజూ పొద్దున నీళ్ళు చల్లేవాళ్ళం. కొన్నాళ్ళకి అవి ఒంటి మీద వెంట్రుకలు తామే పీక్కుని, ఒక్కొక్కటీ తన చుట్టూ చిన్న పంజరం అల్లుకున్నాయి. దాని నడుమ వేలాడే ప్యూపా బయటికి కనపడుతూనే ఉంటుంది. బుట్టలల్లేవాళ్ళు చూస్తే సిగ్గుపడతారు, అంత తీరుగా ఉంది. అందులోంచి తెల్లటి రెక్కల పురుగు వచ్చింది. రెక్కల మీద అడ్డంగా ఎర్రటి గీతలు, మధ్యలో నల్ల చుక్కలు. అంత అందమైనదాన్ని మా గోడౌను గోడ మీద అంతకుముందు నేను చూడలేదు. కనపడే అవకాశం దాని జాతికి మా గోడౌను ఇవ్వలేదు.

పురుగుల్నీ పంజరాన్నీ పెట్టెలో పెట్టి దూరాన ఉన్న పెద్ద మ్యూజియానికి పంపాడు ఆఫీసరు. చాలా రోజులకి జవాబు వచ్చింది. మెట్ట సీమల్లో రాళ్ళ మీద, చెట్ల మీద పాచి తిని బతికే రెక్కల పురుగుల కుటుంబంలోదని, ఏ జాతో తేల్చడానికి ఇంకా నమూనాలు కావాలని రాశారు. ఆఖరున ఒక వాక్యం: ‘ఆర్థిక ప్రాముఖ్యం లేనిది.’

ఆ వాక్యం చదివి నేను అరిచాను. మా ఆఫీసరు మీదే అరిచాను, పాపం. ఆర్థిక ప్రాముఖ్యం ఎవరికి లేదు? ఒక గుట్ట మీద నీళ్ళు మిగిల్చిందే! ఆయన తాపీగా విని, “మీరు పొరపడుతున్నారు. మన శాఖలో ఒక పురుగుకి ఇంతకంటే మంచి సర్టిఫికెట్ లేదు. ప్రాముఖ్యం ఉన్నవాటికి మనం ఏం చేస్తామో మీకు తెలియదా?” అన్నాడు. ఇప్పటికీ ఈ విషయంలో ఎవరిది రైటో నాకు తేలలేదు. పోట్లాడదామంటే ఆయన లేడు.

ఆ తర్వాత నాకు మెమో వచ్చింది. ఆర్డరు ఉండగా గోడౌను ఎందుకు తెరవలేదో సంజాయిషీ ఇవ్వమని. రాశాను, నా డబ్బాల ఇంగ్లీషులోనే: ‘మందు పురుగుకి. అక్కడ పత్తి పురుగు లేదు. అందుకని తెరవలేదు.’ క్షమించమని ఒక మాట చేర్చమన్నాడు హెడ్ గుమాస్తా. చేర్చను అన్నాను. కొత్తపట్నం వైపు సముద్రం ఒడ్డుకి బదిలీ చేశారు. అక్కడ పత్తీ లేదు, మిరపా లేదు, నాకు పని కూడా పెద్దగా లేదు. శిక్ష అనుకున్నారు. నేను కొత్తగా పీతల కాళ్ళు లెక్కపెట్టడం నేర్చుకున్నాను.

ఆ ఏడు మా వైపు పత్తిని తెల్లదోమ తినేసింది. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు, కొట్టినకొద్దీ పెరిగింది. నేను ఊరు విడిచిపోయే రోజు పెద్ద రైతు బస్టాండులో కనపడ్డాడు. చిక్కిపోయాడు. నా పెట్టె అందుకుని బస్సు మీదకి అందించాడు. వద్దన్నా వినలేదు.

“ఏమయ్యా, ఒక మాట చెప్పనా? ఈ ఏడు నేను మందు కొట్టనిది ఆ ఒక్క పురుగుకే. నా చేను ముట్టనిదీ అదొక్కటే.”

నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు.

బస్సు గుట్ట దగ్గర ఆగుతుంది. పెట్టె దింపించుకుని దిగేశాను. తర్వాతి బస్సుకి పోదామనుకున్నాను. మధ్యలో ఒక వాన పడింది కాబట్టి దొన నిండి ఉంది. ముసలమ్మ మేకలకి నీళ్ళు తాపుతోంది. నన్ను చూసి ఇత్తడి చెంబు దొనలో ముంచి అందించింది.

“ఇంతకీ దాని పేరేందో తేలిందా నాయనా?”

“తేల్లేదవ్వా. అంత పెద్దవాళ్ళకే తెలియలేదంట.”

“పోనీలే,” అంది. “దానికి మాత్రం మన పేర్లు తెలుసా?”

చెంబు ఎత్తి తాగాను. నోటి దగ్గరికి వచ్చినప్పుడు అలవాటుగా ఊపిరి బిగబట్టాను. తర్వాత వదిలాను. చల్లటి రాతి వాసన తప్ప ఆ నీళ్ళలో ఏ వాసనా లేదు.